తడవని గోనెసంచి

బైక్ తొంభై దాటింది. హ్యాండిల్ వణుకుతోంది. మధు మాత్రం వదలడం లేదు.

ముందు తెల్ల ఇండికా. దాని డిక్కీలో రేకు డబ్బా!

మే నెల మిట్టమధ్యాహ్నం... తొండుపల్లి రోడ్డు సెగలు కక్కుతోంది. మధు భయమంతా ఆ ఎండ గురించే. డబ్బాలో ఉన్నది పాతకాలపు ఫిల్మ్. బాగా వేడెక్కితే దానంతటదే అంటుకుంటుంది!

పేరుమోసిన డిటెక్టివ్ నవల ఆధారంగా తీసిన మూకీ అది. ఎక్కడా లేదనుకున్నారు. మిగిలిన ఒక్క కాపీ అనంతయ్య మంచం కింద ఉంది. రేపు ఆర్కైవ్ వాళ్లకి అప్పగించాలి.

అనంతయ్య టూరింగ్ టాకీస్ ఆపరేటర్. దిక్కులేని మధుకి అన్నం పెట్టి పని నేర్పినవాడు. రోజూ పొద్దున్నే గోనెసంచి తడిపి ఆ డబ్బాకి చుట్టేవాడు. ముప్ఫై ఏళ్లలో ఒక్కరోజు తప్పలేదు.

ఓసారి గోడ మీద ఆ సినిమా వేసి చూపించాడు.

"హంతకుడెవరో డిటెక్టివ్‌కు ముందే ఎందుకు సమజ్ కాలె బాపు?"

"మనిషిని నమ్మిండు గదరా" అని నవ్వాడు అనంతయ్య.

పావుగంట క్రితం ఆయనే ఫోన్ చేశాడు. "బిడ్డా, డబ్బా ఎత్కపోయిన్రు. తెల్ల ఇండికా. ఎయిర్‌పోర్ట్ దిక్కు ఉరుకు."

బాపు ఉరకమంటే ఆగే రకమా మధు?

ఎయిర్‌పోర్ట్ మలుపులో కారు ఆగింది. తనంతట తనే...

డ్రైవర్ తాపీగా దిగుతాడు. "మధు అంటే నువ్వేనా అన్నా?"

మధు కాలర్ పట్టుకుంటాడు. "ఎవడు పంపిండ్రా నిన్ను?"

"జర ఇడువన్నా. నాది కిరాయి బండి. అనంతయ్య సారే డబ్బా పెట్టిండు. నీ చేతికే ఇయ్యమన్నడు."

అబద్ధం! మధు డిక్కీ ఎత్తుతాడు. గోనెసంచి. బాపు వేసే ముడే. చెయ్యి వేస్తాడు...

పొడిగా ఉంది.

లోపల రీలుంటే బాపు తడపకుండా చుట్టడు. ముడి పీకి మూత తీస్తాడు. ఖాళీ!

వెనక జీపు. ఎస్సై చేతిలో రివాల్వర్. "కదలకు. రీలు ఎవనికి అమ్మినవ్?"

"నేను దొంగ ఎన్క వచ్చిన సార్. అనంతయ్యను అడుగున్రి."

"ఆయననే పొద్దుగాల కంప్లైంట్ ఇచ్చిండు. నీ పేరే రాసిండు. డబ్బాతోని గీడనే దొరుకుతవన్నడు. జేబుల తుపాకి ఉంటదని గూడ చెప్పిండు."

మధు ఖాళీ డబ్బా వైపు చూశాడు. రీలు అమ్ముకున్నది బాపు. దొంగతనం రుద్దడానికి బాపుకి దొరికిన నెత్తి తనది! సినిమాలోనూ అంతే... హంతకుణ్ణి పట్టుకో అని డిటెక్టివ్‌ని పంపిన ముసలాయనే హంతకుడు.

జేబులో ఫోన్ మోగింది. ఆ రింగ్‌టోన్ ఒక్క బాపుకే పెట్టుకున్నాడు.

ఇరవై ఏళ్ల అలవాటు. బాపు పిలిస్తే మధు చెయ్యి ఆగదు.

జేబులోకి వెళ్లింది.

ఢాం!