ఈనిడ్ ఆంటీ చెప్పిన మాట

పక్కింటి ఈనిడ్ ఆంటీ నిమ్మకాయల సంచితో వచ్చిందంటే నాకు అనుమానమే. నాలుగు కాయలిచ్చి గంటసేపు కబుర్లు చెప్పిపోతుంది. ఎనభై దాటిన మనిషి. ఆ కబుర్లలో ఎంత నిజమో ఆవిడకే తెలియాలి.

2005 జులైలో ఒక శుక్రవారం. భూమికి ఈ దక్షిణపు కొసన అప్పుడు చలికాలం కదా, హెండర్సన్‌లో ఐదున్నరకే చీకటి పడింది. మా ఆయన మధుసూదన్ ఉద్యోగం మూడు గంటల దూరంలోని టౌరంగాలో. వారానికోసారి కారులో ఇంటికొస్తారు. ఏడు దాటితే గానీ రారు.

ఆ సాయంత్రం ఆంటీ వాళ్ళ యార్క్‌షైర్ పల్లె మాట ఒకటి తీసింది. "వాఫ్". మొదట్లో దానికి గాలి విసురు అని అర్థమట. తర్వాత కంటి కొసన కనిపించి మాయమయ్యేదాన్ని అలా అన్నారట. చివరికి, చావు దగ్గరపడ్డ మనిషి రూపం ముందే ఇంకోచోట కనబడితే అదీ వాఫేనట.

"కనిపిస్తే గట్టిగా తిట్టి పొమ్మనాలి," అంది గొంతు తగ్గించి. "మా తాత బతికి బయటపడింది అలాగే."

కోతలు, అనుకున్నాను.

ఆవిడ వెళ్ళాక వంటింటి కిటికీలోంచి చూస్తే, పెరటి దీపం వెలుగులో బట్టల తీగ దగ్గర మా ఆయన నిలబడి ఉన్నారు. తడి మట్టి వాసన. ఆకు కదలడం లేదు. ఆయన చొక్కా మాత్రం రెపరెపలాడుతోంది.

తలుపు తీశాను.

"ఏమండీ, అప్పుడే వచ్చేశారా?"

చూస్తున్నారు... నన్ను కాదు. నా వెనకున్న ఇంటిని.

ఆంటీ మాట గుర్తొచ్చింది. తిట్టాలి... పొమ్మనాలి. ఎలా అనను? పెళ్ళయిన పదకొండేళ్ళలో ఆయన గడప దాటేటప్పుడు ఒక్కసారైనా ఆ మాట అనలేదు. అశుభమని అమ్మ నేర్పింది. భయంలో నోటికి అలవాటైన మాటే వచ్చింది.

"వెళ్ళి... రండి."

తలూపారు. మరుక్షణం తీగ కింద ఎవరూ లేరు.

ఎంత పని చేశాను... వెంటనే ఆయన సెల్‌కి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఏడుపొచ్చింది.

పది నిమిషాలకు వీధి తలుపు చప్పుడైంది. ఆయనే. పోయిన ప్రాణం లేచొచ్చింది. చెయ్యి పట్టుకుని చూశాను, వెచ్చగానే ఉంది. అన్నం పెట్టాను. రెండు ముద్దలు తిన్నాక, కారు చప్పుడు వినలేదని అప్పుడు తట్టింది.

"కారేదండీ?"

"వెళ్ళి రమ్మన్నావుగా," అన్నారు తలెత్తకుండా. "వచ్చాను."

హాల్లో ఫోన్ మోగింది. దాని చిన్న తెర మీద ఆయన సెల్ నంబరు.

"తియ్యకు, రమా."

మజ్జిగ పొయ్యమని కంచం ముందుకు జరిపారు.