నారయ్య తొక్కిన కాలు

పెద్దచెరువులో తూము పక్కన మోకాలి లోతు నీళ్లుండే చోటికి పొద్దుగూకాక ఎవరూ పోరు. కాలితో కొర్రమట్ట చేపలు పట్టే నారయ్య ఆ బురదలోనే గుండె ఆగి పడిపోయాడు. అప్పటినుంచి, దిగినవాళ్ల కాలు పట్టుకుంటాడని పేరు. నిరుడు జయపాల్‌ను ముంచిందీ నారయ్యేనని ఊరంతా తేల్చేసింది. బతికున్నవాడి మీదైతే సాక్ష్యం కావాలి గానీ, దెయ్యం మీద తీర్పుకేం ఖర్చు?

ఇది జయపాల్ తమ్ముడు మహేశ్వర్ నాకు చెప్పిన సంగతి. ఉన్నదానికి ఒక్క ముక్క కలిపే రకం కాదు.

ఆపరేషనై దవాఖాన నుంచి వచ్చిన అతని భార్య స్టెల్లాకు ముద్ద దిగడం లేదు. కొర్రమట్ట పులుసైతే తింటానంది. మహేశ్వర్ డ్యూటీ దిగి వచ్చేసరికే చీకటి పడింది. తువ్వాలు భుజాన వేసుకుంటుంటే తల్లి మారెమ్మ గడపకు అడ్డం నిలబడింది.

"ఒక్కన్ని ఆ నారయ్యకు ఇచ్చిన. నిన్ను గూడ ఇయ్యాల్నారా?"

"ఏం గాదమ్మా. జర పక్కకు జరుగు, గిట్ల పోయి గట్లొస్త."

కాలితో చేపను పట్టడానికి ఓపిక కావాలి. బురదలో పాదం జరుపుతూ పోవాలి. మెత్తగా తగలగానే ముందు వేళ్లు ఆనించాలి... తర్వాత అరికాలు... చివరికి మడమ. అది కదలకుండా అదిమిపట్టి, అప్పుడు వంగి, చేత్తో మొప్పల దగ్గర పట్టాలి.

మహేశ్వర్ కుడికాలు జరుపుతున్నాడు. ఏదో తగిలింది — కాలి కింద కాదు, కాలి మీద.

చల్లటి వేళ్లు... తర్వాత అరికాలు... తర్వాత మడమ.

ఎవరో తన పాదాన్ని తొక్కిపట్టారు. వెనక నీళ్లు కదిలాయి. తిరిగి చూసే ధైర్యం లేదు.

"తాతా... ఇడువే," అని గొణిగాడు.

బరువు ఇంకా పెరిగింది. మడమ పడ్డాక ఏం వస్తుందో అతనికి తెలుసు. ఇక చెయ్యి వస్తుంది... ప్రాణభయంతో ముందుకు ఉరకబోయి ఎడమకాలు వేశాడు.

కింద నేల లేదు.

మనిషి ముందుకు తూలాడు. ముక్కులోకి నీళ్లు పోయాయి. కుడికాలు మాత్రం కదల్లేదు. దాని ఆసరాతోనే ఎలాగో ఒళ్లు వెనక్కి తెచ్చుకుని బురదలో కూలబడ్డాడు. అప్పుడు... కాలి మీద బరువు తీసేసినట్టయింది.

తెల్లారి తెప్ప మీద పోయి అక్కడ గడ దింపితే అడుగు అందలేదు. ఏ ఎండాకాలంలోనో, వెంచర్లకు మట్టి కోసం రాత్రికి రాత్రి తవ్వుకుపోయిన గుంత. నీళ్లు నిండాక దాని సంగతే ఎవరికీ తెలియలేదు.

మహేశ్వర్ ఇంటికి పరుగున వచ్చి తల్లికి చెప్పాడు. "నారయ్య తాత ముంచుతలేడమ్మా. గుంతల పడకుంట ఆపుతుండు."

ఆమె మనసు తేలికపడుతుందనుకున్నాడు, పిచ్చివాడు. మారెమ్మ కొడుకు కుడిపాదాన్ని ఒళ్లోకి తీసుకుని నిమురుతూ కూర్చుంది.

"మీ అన్న నీ లెక్క బక్కోడు గాదు బిడ్డా," అంది చివరికి. "కాలు గుంజుకున్నట్టున్నడు."