బర్రెను తోలుకొచ్చిన ఆడమనిషి

మేడ్చల్‌లో సుచిత్ర ఇంట్లో ఆ మంగళవారం కూడా అన్ని రోజుల్లాగే తెల్లారింది. నల్లా వచ్చింది, బిందెలు నిండకముందే పోయింది. సుచిత్ర వంటగట్టు మీదే కాగితాలు పరుచుకుని, ఒక చేత్తో పప్పు కలుపుతూ ఇంకో చేత్తో రాసింది కొట్టేస్తూ నిలబడింది. వారపత్రికలో వస్తున్న ఆమె సీరియల్‌కు అదే ఆఖరి భాగం. పన్నెండింటిలోపు పోస్టులో పడాలి. ముగింపులో ఇంకాస్త కన్నీళ్లు పండించమని సంపాదకుడు కార్డు రాశాడు. కన్నీళ్లు పండించడానికి అదేమన్నా వరిమడా అని ఆయన్ని అడిగినవాళ్లు లేరు.

భర్త బాలరాజు జీడిమెట్లలో మందుల కంపెనీ సూపర్‌వైజరు. రాత్రి డ్యూటీ దిగి వచ్చినవాడు బూట్లు కూడా విప్పకుండా చేతిలోని పత్రికను గట్టు మీద కొట్టాడు.

"ఎవల కథ ఇది?"

"ఎవల కథైతేంది? సీరియల్."

"నన్ను పిచ్చోన్ని చెయ్యకు. కంపెనీ బస్సుల మన ఊరి భిక్షం చదివిండు. 'బాలన్నా, గీమె మీ అమ్మ కాదే?' అన్నడు, పదిమంది ముంగట. తలకాయ ఎక్కడ పెట్టుకోవాల్నో తెల్వలే."

సుచిత్ర పేర్లన్నీ మార్చింది. ఊళ్లు మార్చింది. నాయికకు లేని పుట్టుమచ్చ కూడా పెట్టింది. బర్రెను మాత్రం మార్చడం మరిచిపోయింది. పెద్దమనుషుల ముందు మొదటి మొగుడితో ఇడుపు కాయిదం రాయించుకుని, పెళ్లి తెగిపోయిన ఆ రోజే, పుట్టింటివాళ్లు పెట్టిన బర్రెను శామీర్‌పేట దిక్కు నుంచి గౌడవెల్లి దాకా తోలుకొచ్చిన ఆడమనిషి ఆ చుట్టుపక్కల ఒక్కతే. ఆమే బాలరాజు తల్లి రుక్కమ్మ. ఆ తర్వాత గౌడవెల్లిలోనే కుర్మయ్యను మారుమనువు చేసుకుంది, బాలరాజు పుట్టాడు. మేడ్చల్‌కు మారాక ఆ పాత సంగతి ఊళ్లోనే ఉండిపోయిందని అతను నిమ్మళంగా ఉన్నాడు.

"మా అమ్మ ఇజ్జత్ బజార్ల పెట్టినవ్. రాసేముందు ఒక్కసారన్న సోంచాయించినవా?"

"అత్తమ్మను అడిగిన, చెప్పింది, రాసిన. దాంట్ల ఇజ్జత్ పోయేదేముంది? సిగ్గుపడాల్సిన పని ఆమె ఏం చెయ్యలే. నేనూ చెయ్యలే."

"మస్తు మాటలు నేర్చినవ్." బాలరాజు గొంతు పెరిగింది. "ఇగ విను. ఆఖరి భాగం లేదు, ఏం లేదు. నా ఇంట్ల ఉండాల్నంటె గీ కథలు బందు పెట్టాలె."

సుచిత్ర కాగితాలు కవరులో పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది. "నేను పోస్టాఫీసుకు పోతున్న," అంది.

పెరట్లో బియ్యం చెరుగుతున్న రుక్కమ్మ చాటతో సహా గడపలోకి వచ్చింది. "ఏంది లొల్లి? నా కథ అంటున్నరు. నాకు సదివి ఇనిపియ్యి, బిడ్డా."

"వద్దమ్మా," అన్నాడు బాలరాజు.

"నిన్ను అడగలే."

సుచిత్ర పత్రిక తీసి చదివింది. మొగుడు కాలితో తన్ని తరిమేశాడు. ఊరంతా అయ్యో అంది. దిక్కులేని ఇల్లాలు బర్రె మెడ పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. తర్వాత ఒక మంచి మనిషి వచ్చి ఆమెకు బతుకిచ్చాడు. చదువుతున్నకొద్దీ రుక్కమ్మ ముఖం ముడుచుకుపోయింది. చూశావా అన్నట్టు బాలరాజు పెళ్లాం వైపు చూశాడు.

"ఎవడు ఎల్లగొట్టిండు నన్ను?" అంది రుక్కమ్మ.

"కథ కోసమని, అత్తమ్మా..."

"బర్రె మెడ పట్టుకొని ఏడ్సుడేంది? పాలు పిండే యాళ్ల దాటింది, పొదుగు నిండి బర్రె నడవలేకపోతాంది. చెల్కల ఆపి, తొవ్వల పోయెటోళ్ల చెంబులల్ల పిండిపోసిన. నేను ఏడ్సుకుంట కూసుంటె ఎవలు పిండుతరు? పంచాయితి పెట్టిచ్చింది నేను. ఏలిముద్ర ఏసింది నేను."

బాలరాజు తెల్లబోయాడు. "ఆయన కొట్టిండని కదా బాపు చెప్పింది?"

"నువ్వు ఇంకోటి అడగకుంట మీ బాపు గట్ల చెప్పిండు. ఆయన కొట్టలే. నాట్లేసేటప్పుడు నేను కథ చెప్తె ముప్పై మంది ఆడోళ్లు నడుంనొప్పి మరిచి నాటేటోళ్లు. పక్కూరోళ్లు సుత నన్నే పిలిచేటోళ్లు. అది ఆయనకు గిట్టలే. నా ఇంట్ల ఉండాల్నంటె కథలు బందు అన్నడు. ఒక్క వానకాలం బందు పెట్టిన. రెండో వానకాలానికి బర్రెను ఇప్పుకున్న."

బాలరాజు గడప మీద కూలబడ్డాడు. ఇందాక తన నోట వచ్చిన మాట తన తండ్రిది కాదు, తల్లి విడిచిపెట్టి వచ్చినవాడిది. ఆ మాట అతనికి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

"మరి బాపు?" అన్నాడు.

"మీ బాపా? నా కథ ఇనుకుంట, మడికి నీళ్లు పెట్టింది మరిచి నారంత మునగవెట్టిండు. గందుకే చేసుకున్న. ఆయన నాకు బతుకిచ్చుడేంది? నా బతుకు నాతాన్నే ఉండె."

సుచిత్రకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంత మనిషిని, చదివేవాళ్లు జాలిపడతారని, పదకొండు వారాలుగా ఏడిపిస్తూ వచ్చింది. మొగుడి నోరు మూయించడానికి లేచిన తను అత్త మాటను ఎప్పుడో మింగేసింది. "తప్పు నాదే, అత్తమ్మా," అని కవరు చింపి ఆఖరి భాగాన్ని నాలుగు ముక్కలు చేసింది. కొత్త కాగితాలు తెచ్చుకుని నేల మీద కూర్చుంది.

"ఇందాక అన్న మాట ఇడిసిపెట్టు," అన్నాడు బాలరాజు, ఆమె వైపు చూడకుండా.

"ఇడిసిపెట్టను. మరిచిపోను సుత," అంది సుచిత్ర. కానీ కొంచెం జరిగి అతనికి చోటిచ్చింది.

రుక్కమ్మ చాట పక్కన పెట్టింది. "ముందుగాల నా పేరు రాయి. గా పుట్టుమచ్చ తీసెయ్యి."

సుచిత్ర కలం ఆపి భర్త వైపు చూసింది. రేపు మళ్లీ అదే బస్సు, అదే భిక్షం, అవే పది ముఖాలు. బాలరాజు వంగి బూట్ల తాళ్లు విప్పుకున్నాడు.

"ఊరి పేరు సుత రాయి, గౌడవెల్లి అని," అన్నాడు. "ఎవలన్న అడిగితె మా అమ్మనే అని నేను చెప్త."