తూత్తుకుడిలో తప్పక తినాల్సినది

వెంకటరామ కళ్ళద్దాలు సవరించుకుని కాగితం చదివాడు. తూత్తుకుడిలో ఒక పూట గడిపేవాళ్ళు చూడాల్సినవి, తినాల్సినవి. మొదట పాత హార్బరు చూడండి. తరువాత పనిమయ మాత చర్చికి వెళ్ళండి. మూడున్నరకు ఎదురు వీధి బేకరీలో కూర్చుని ఆ ఊరి మిఠాయి మాకరూన్ తినండి.

"బాగానే ఉండాదే. దీనికేమి ఇప్పుడు?" అన్నాడు.

"ఇది టూరిస్టు కాగితం కాదు మామా. ఆర్డరు," అన్నాడు భరత్.

రాజపాళయంలో సర్జికల్ గుడ్డ గోడౌన్ అది. బేళ్ళ వెనక చిన్న గది. బయటి బోర్డు మీద బ్యాండేజి, లోపల దేశపు గూఢచారి శాఖ. ఆఫీసర్ భరత్ క్లుప్తంగా చెప్పాడు. నిన్న ఒక విదేశీ ముఠా కొరియర్ దొరికాడు. కాగితం అతని జేబులోది. బేకరీలో మాకరూన్ తినడమే గుర్తు. అది చూసి బేకరీవాడు మెమరీ కార్డు ఇస్తాడు. హార్బరు దగ్గర నీళ్ళ కింద మన నేవీ పెట్టిన సెన్సర్ల ప్లాన్లన్నీ అందులో ఉన్నాయి. నాలుగింటికి ఒక ఓడ కదులుతుంది. కార్డు ఓడెక్కితే ఇక అంతే. కొరియర్ స్థానంలో వెంకటరామ వెళ్ళాలి.

వెంకటరామ భరత్‌కు సొంత మేనమామ. మిల్లు కోసం దిగుమతి దూది చూడటానికి ముప్పై ఏళ్ళుగా తూత్తుకుడి వెళ్ళివస్తున్నాడు. అతన్ని అనుమానించేవాళ్ళు లేరు. అతను చేసే ఈ రెండో పని సంగతి భరత్ తల్లికి కూడా తెలియదు. తెలిస్తే తమ్ముణ్ణి కాదు, కొడుకునే ముందు నిలదీస్తుంది.

ముఠా దగ్గర స్కానర్ ఉంది. ఫోన్లు పనికిరావు. అందుకని వెంకటరామ చొక్కా బొత్తాంలో మైకు పెట్టారు. అతని మాట భరత్‌కూ, బేకరీ ఎదుట ఆటో డ్రైవర్ల వేషంలో ఉన్న నలుగురికీ వినిపిస్తుంది. అతను కోడ్ వాక్యం అంటే చాలు, ఆ నలుగురూ లోపలికి దూకుతారు. భరత్ మాట అతనికి చేరే దారి ఒక్కటే. ఎడమ చెప్పు. ఒకసారి వణికితే కానివ్వు. రెండుసార్లు వణికితే ప్రమాదం, లేచిరా.

మూడుంబావు. స్పీకర్లో హార్బరు కాకులు, అలల చప్పుడు. చర్చి గంట. కాసేపటికి వెంకటరామ గొణుగుడు.

"భరతా, మాతకు దండం పెట్టి వచ్చేలోపల మెట్ల మీద చెప్పుల్ని ఎవరో ఎత్తుకుపోయినారప్పా. సరి, పోనీ. టైము అయింది, వట్టి కాళ్ళతోనే పోతాను."

గుడైనా చర్చైనా మామ చెప్పులు బయటే విడుస్తాడు. చెప్పులో మిషను పెట్టినవాడికి ఆ బుద్ధి ఉండాలి.

సరిగ్గా మూడున్నరకు తలుపు తోసుకుని సత్యప్రియ వచ్చింది. నల్లకళ్ళద్దాలు, నెమలికంఠం రంగు పట్టుచీర, ఖరీదైన సెంటు. పక్క ఊరు చోళపురం పిల్ల. ముఠాకూ పనిచేస్తుంది, భరత్‌కూ పనిచేస్తుంది. ఏ రోజు ఎవరి మనిషో ఆమెకే తెలియాలి.

"మీ మనిషిని వెనక్కి పిలిపించండి సార్. నిన్న కొరియర్ చేయాల్సిన ఫోన్ చేయలేదంట. వాళ్ళకు సందేహం వచ్చింది. వచ్చేవానికి విషం పెట్టిన మాకరూన్ ఇమ్మని చెప్పినారు."

భరత్ బటన్ రెండుసార్లు నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. తూత్తుకుడిలో ఎక్కడో ఒక దొంగ ఎడమకాలు వణికి ఉంటుంది. నూట ముప్పై కిలోమీటర్ల దూరంలో మామ కుర్చీ లాక్కుంటున్న చప్పుడు. ఎదురుగా ఆటోవాళ్ళున్నారు, వాళ్ళకీ ఫోన్లు లేవు. వినడం తప్ప భరత్ చేయగలిగింది ఏమీ లేదు.

ప్లేటు బల్లమీద పెట్టిన శబ్దం. బేకరీవాడి తమిళం. పదేళ్ళుగా ఈ ఊరే నాది, మా ఊరి స్పెషల్ అయ్యా, తినండి.

"ఇందులో గుడ్డు ఉందా?"

తెల్లసొన మాత్రమే, ముంతమామిడిపప్పు, చక్కెర.

"అయితే నాకొద్దప్పా. పురట్టాసి శనివారం కదా."

భరత్ తల పట్టుకున్నాడు. పురట్టాసి అంటే తమిళనాట పెరుమాళ్ళ నెల. వాళ్ళ ఇళ్ళలో నెలంతా గుడ్డు ముట్టరు, శనివారమైతే చెప్పనే అక్కర్లేదు. ప్లాన్ వేసేటప్పుడు ఆ సంగతే అతనికి తట్టలేదు. మాకరూన్ అంటే జీడిపప్పు మిఠాయి అనుకుని మామ కూడా తలూపాడు.

ఆ పక్క ఏ బేకరీలోనైనా ఆ మాట వింటే చాలు, ప్లేటు తీసేసి వెన్న బిస్కెట్లు తెచ్చి పెడతారు. ఇతను తీయలేదు. ఒక్కటే తినండయ్యా, ఎవరు చూడబోతారు అన్నాడు.

స్పీకర్ మూగబోయింది. ఆ మౌనం భరత్‌కు తెలుసు. బేలు పైపొర తెల్లగా ఉండి లోపలి దూది అనుమానంగా ఉంటే మామ ఇలాగే ఊరుకుంటాడు.

"పదేళ్ళుగా ఈ ఊరే అని చెప్పినావు కదా," అన్నాడు వెంకటరామ నిదానంగా. "నువ్వొకటి తిను. నేను చూస్తాను."

నాకు షుగర్ అయ్యా.

"అట్లనా? నా కాఫీలో మాత్రం చక్కెర చాలలేదు."

అదే కోడ్ వాక్యం. కుర్చీలు పడ్డాయి, గాజు పగిలింది, నలుగురి బూట్లు పరుగెత్తాయి. మూడూ యాభై ఎనిమిదికి బేకరీవాడి బనియన్ మడతలో కార్డు దొరికింది. ఓడ ఖాళీ చేతులతో కూత వేసింది.

భరత్ నుదురు తుడుచుకుని చూస్తే సత్యప్రియ లేదు. సెంటు వాసన ఉంది.

ఢిల్లీ నుంచి ఫోన్ వచ్చింది. మనిషి ప్రాణం కాపాడిన పరికరం ఏదో రాసి పంపమన్నారు. మిగతా కేంద్రాలకు కూడా కావాలట, ఎన్ని సప్లై చేయగలరని అడిగారు.

"ఏడాదికి నాలుగు సార్," అన్నాడు భరత్. "కొన్నేళ్ళు అయిదు. అన్నీ పురట్టాసి శనివారాల్లోనే వస్తాయి."