దొరబాబు డాట్ కామ్

మల్కాపురం మెయిన్ రోడ్డు మీద, టైలర్ షాపు పక్కన దేవీప్రసాద్ నెట్ సెంటర్ ఉండేది. ఆరు కంప్యూటర్లు, రెండు ఫ్యాన్లు, బీప్ బీప్ మంటూ సణిగే ఒక యూపీఎస్. పగలంతా రిజల్టులు చూసుకునే పిల్లలూ, షిప్పుల్లో ఉద్యోగాలకి అప్లికేషన్లు పెట్టుకునే కుర్రాళ్ళూ. షట్టర్ ఎత్తితే రిఫైనరీ మంట కనిపించేది. దించితే మంట పోయేది గానీ దాని వాసన లోపలే ఉండిపోయేది. దెయ్యాలు కాపురం పెట్టడానికి అంతకంటే పనికిరాని చోటు ఊళ్ళో మరొకటి లేదు.

దొరబాబు ఆ సెంటర్లోనే దేవీప్రసాద్‌కి స్నేహితుడయ్యాడు. జాలరిపేట కుర్రాడు. ఇంటర్ దాకా చదివి తండ్రి బోటే ఎక్కాడు. వేట లేని రోజుల్లో వచ్చి కూర్చుని, తన పేరు మీదే ఒక వెబ్‌సైటు పెట్టుకున్నాడు. ఏ రోజు ఏ చేప పడిందో, గాలి ఎటు తిరిగిందో రాసి, బోటు ఫోటోలు అంటించేవాడు. "నాకు ఇల్లు నేదు, జాగా నేదు బావా. లోకంలో నా పేరున ఉన్నది ఇదొక్కటే" అని నవ్వేవాడు. 2005 నవంబరులో వేటకెళ్తూ, "ఏప్రిల్లో రెన్యువల్ బావా, మర్సిపోకు" అని చెప్పాడు. ఆ బోటు తిరిగి రాలేదు. అందులో వెళ్ళిన నలుగురిలో ముగ్గురి శవాలు దొరికాయి. దొరబాబుది దొరకలేదు.

దేవీప్రసాద్ మరిచిపోలేదు. అసలు సిగ్గంతా అదే. ఏటా డబ్బు కట్టించుకుని వెబ్‌సైటు పేర్లిచ్చే రిజిస్ట్రార్ దగ్గర్నుంచి సెంటర్ అడ్రసుకే మెయిళ్ళు వస్తూనే ఉన్నాయి. 'డియర్ దొరబాబు, మీ పేరు గడువు ముగుస్తోంది' అని. ఆ మొదటి రెండు మాటలు చూసి ఆపై చదవలేకపోయేవాడు. తెరవకుండానే చెరిపేసేవాడు. గడువు దాటింది, ఆ మీద ఇచ్చే వాయిదాలూ దాటాయి. ఇక ఆ పేరు ఎవరిదీ కాకుండా పోయి, ఒకానొక క్షణాన బజార్న పడుతుంది. ముందు అడిగినవాళ్ళదే పేరు. అలా పడినవాటిని ఏరుకునే కంపెనీలు అమెరికాలో ఉన్నాయి. కొన్నయితే ఏరుకుని, వాటి మీద బూతు బొమ్మలు పెడతాయి.

ఆ సంగతి దొరబాబు భార్య ధనశ్రీకి చెప్పక తప్పలేదు.

"ఆ బొమ్మల మీద మా ఆయన పేరుంటాదా అన్నియ్యా?" అంది ఆ పిల్ల.

ఆమె ఇంకా బొట్టు తియ్యలేదు. శవం దొరకలేదని అత్తగారు పోతమ్మ కొడుక్కి కర్మ చెయ్యనివ్వలేదు. దేవీప్రసాద్ ఆ మొహంలోకి చూడలేక, "నా ప్రాణం పోయినా పేరు పోనివ్వనమ్మా" అనేశాడు.

అమెరికాలో మధ్యాహ్నం పేర్లు వదులుతారు. మనకది రాత్రి పదకొండున్నర. చేత్తో నొక్కుతూ కూర్చుంటే కంపెనీల జోరు ముందు ఆగలేం. అందుకని దేవీప్రసాద్ ఒక చిన్న ప్రోగ్రాం రాశాడు. అది సెకనుకోసారి రిజిస్ట్రార్ మిషన్ని "దొరబాబు ఉన్నాడా?" అని అడుగుతుంది. పేరింకా పాతవాడి మీదే ఉంటే నల్లటి తెర మీద "ఉన్నాడు" అని పడుతుంది. ఖాళీ అయిందా, "లేడు" అని పడి, మరుక్షణం దేవీప్రసాద్ పేరున కొనేస్తుంది. గుమ్మంలో నిలబడి మనిషిని వాకబు చేసినట్టు ఆ మాటలు పెట్టడం అతని సరదా. దానికి తెలిసినవి ఆ రెండు జవాబులే.

జూన్ నెలాఖరులో, అనుకున్న రాత్రి ధనశ్రీ అత్తగారిని తోడు తెచ్చుకుంది. తెర మీద ఏం అడుగుతుందో కోడలు చెప్పగానే పోతమ్మ మొహం నల్లబడింది.

"ఆడి పేరెట్టి పిలవకండి బావూ" అంది గొంతు తగ్గించి. "దీపాలెట్టినాక మా ఇంట్లో ఎవులూ అనం. సముద్రంలో పోనోడికి కర్మ సెయ్యకపోతే, ఒడ్డెతుక్కుంటా తిరుగుతాడు. మూడుసార్లు పిలిత్తే ఆ పిలుపట్టుకొని వొచ్చేత్తాడు."

"పిలిచేది మనిషి కాదు కదమ్మా, మిషను."

"పిలుపు పిలుపే."

ముసలమ్మ బయటికెళ్ళి మెట్టు మీద కూర్చుంది, వీళ్ళకి వీపు పెట్టి. దేవీప్రసాద్ నవ్వుకుంటూ షట్టర్ ముప్పాతిక దించాడు. అతనిది చోడవరం దగ్గర పల్లె. చెరకు తోటల్లో పెరిగినవాడికి సముద్రం మర్యాదలేం తెలుస్తాయి?

పదకొండుంపావుకి ప్రోగ్రాం మొదలెట్టాడు.

దొరబాబు ఉన్నాడా? ఉన్నాడు.

దొరబాబు ఉన్నాడా? ఉన్నాడు.

తెర నిండిపోయి పైకి జరుగుతోంది. మూడుసార్లేమిటి, ఐదు నిమిషాల్లో మూడొందలసార్లు పిలిచింది. ఫ్యాను గాలి చల్లబడింది. రిఫైనరీ వాసన ఎప్పుడు పోయిందో తెలియలేదు గానీ, దాని బదులు ఇంకేదో వాసన. తడి వల వాసన. ఉప్పు, నాచు, చాన్నాళ్ళు నీళ్ళలో నానిన తాడు... ధనశ్రీ గట్టిగా ఊపిరి పీల్చింది.

అప్పుడు గమనించాడు దేవీప్రసాద్.

ప్రశ్న పడ్డాక కదా జవాబు రావాలి. ఇప్పుడు జవాబు ముందు పడుతోంది. ఉన్నాడు... దాని కింద, దొరబాబు ఉన్నాడా? మళ్ళీ ఉన్నాడు... మళ్ళీ ప్రశ్న. అడక్కముందే పలుకుతున్నారు ఎవరో.

దేవీప్రసాద్ చెయ్యి కీబోర్డు మీదికి పోయింది. రెండు మీటలు నొక్కితే చాలు, ఆగిపోతుంది. ధనశ్రీ ఆ చెయ్యి పట్టుకుంది.

"ఆపేత్తే?" అంది గుసగుసగా.

"పేరు పోతుందమ్మా."

"అయితే ఆపకు."

"నీకు భయం లేదా?"

"ఉంది." ఆమె చెయ్యి వదల్లేదు. "ఆపకన్నియ్యా."

భయమా, మాటా... మాటే నిలుపుకున్నాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

పదకొండు ముప్ఫై మూడు.

లేడు.

తెర ఆగింది. కొనే పని నడుస్తోంది. దేవీప్రసాద్ గుడ్లప్పగించి చూస్తున్నాడు. అక్కడితో అయిపోవాలి. అయిపోలేదు... కింద ఇంకో మాట పడింది.

వచ్చాడు.

ఆ మాట అతను రాయలేదు. ప్రోగ్రాంలో ఎక్కడా లేదు.

బయట పోతమ్మ గొంతు వినిపించింది. చాలా మెల్లగా, ముద్దుగా.

"ఇంత తడిసిపోనావేట్రా నాయినా..."

వారం రోజులుగా ఊళ్ళో చినుకు లేదు.

"ఇల్లగ రా... కూకో..."

తడిగుడ్డ నేలకి తగిలిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు. షట్టర్ కింద సందులోంచి చూస్తే మెట్టు మీద పోతమ్మ వీపు తప్ప ఇంకెవరూ కనిపించలేదు. ఆ సందులోంచి ముసలి చెయ్యి ఒకటి లోపలికొచ్చింది.

"తువ్వాలుంటే ఇయ్యి బావూ."

ధనశ్రీ లేచి, కుర్చీ మీది తువ్వాలు ఆ చేతికందించింది. షట్టర్ ఎత్తబోయి, ఎందుకో ఆగిపోయింది. కాసేపటికి తువ్వాలు తిరిగొచ్చింది. నీళ్ళు కారుతున్నాయి. గచ్చంతా తడిసింది.

దేవీప్రసాద్ కూర్చున్నచోటే ఉండిపోయాడు. తెర మీద కొత్త పేజీ వచ్చింది. పేరు దొరికింది. కానీ యజమాని అన్నచోట దేవీప్రసాద్ లేడు, దొరబాబు ఉన్నాడు. అడ్రసు దగ్గర వీధి లేదు, డోరు నెంబరు లేదు. రెండు వరసల అంకెలు.

ధనశ్రీ వంగి చదివింది.

"ఇయి బోట్లో జీపీఎస్ సూపించే అంకెలు. సముద్రం మీద సోటు." పెన్ను తీసుకుని అరచేతిలో రాసుకుంది. నవంబరు నుంచి ఆమె మొహంలో లేని నిదానం ఇప్పుడు వచ్చింది. అది చూసి దేవీప్రసాద్‌కి తువ్వాలు చూసినప్పటికంటే ఎక్కువ భయమేసింది. "పేరు పరాయోల్ల పాలవ్వనేదు. సాలన్నియ్యా."

"ఆ అంకెలెందుకమ్మా నీకు?"

ఆమె అరచెయ్యి మూసుకుంది. షట్టర్ కింద నుంచి దూరి బయటపడింది. అత్తాకోడళ్ళు ఏదో మెల్లగా మాట్లాడుకుంటూ ఆటో ఎక్కిన చప్పుడు వినిపించింది.

చాలాసేపటికి గానీ అతనికి మౌస్ పట్టుకునే ధైర్యం రాలేదు. పేజీ కిందికి జరిపాడు. యజమాని తర్వాత ఇంకొకరి వివరాలు ఉండేచోట ధనశ్రీ పేరు ఉంది. ఆ పేరు ఎవరూ నింపలేదు.

దాని ఎదురుగా, అడ్రసు దగ్గర, అవే అంకెలు ఉన్నాయి.