చిన్న దొంగ గతేంది?

సింధూజ పది చింతగింజల్ని నాలుగోసారి మూడు కుప్పలు చేసింది. పెద్ద దొంగకు నాలుగు, నడిమోడికి మూడు, చిన్నోడికి మూడు. ఇంత సులభమైతే మురళీధర్ సారు రెండు రోజుల గడువు ఎందుకిస్తాడు?

నోటుబుక్కు తీసి మళ్లీ గట్టిగా చదివింది.

ముగ్గురు దొంగలకు పది బంగారు నాణేలు దొరికాయి. ఎలా పంచాలో ముందు పెద్దవాడు చెప్పాలి. చెప్పినవాడితో సహా ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తాలి. ముగ్గురిలో సగం మందో, అంతకంటే ఎక్కువో ఎత్తితే అలాగే పంచుకుంటారు. లేకపోతే పెద్దవాడిని ఉత్త చేతులతో తరిమేస్తారు. అప్పుడు నడిమివాడు చెప్పాలి. మిగిలిన ఇద్దరిలో సగం మంది చేతులెత్తినా చాలు. అందరూ తెలివైనవాళ్లే. అందరికీ బంగారం మీదే ఆశ. తనకు అన్నిటికంటే ఎక్కువ మిగలాలంటే పెద్దవాడు ఎలా పంచాలి?

రేపు కారణంతో సహా చెప్పినవాళ్లే శనివారం కుప్పంలో పోటీకి పోతారు. ఏడో తరగతి మొత్తానికి ఒక్కరే. సింధూజ ఇంతవరకు పుంగనూరు దాటి మదనపల్లె దాకానే పోయింది. అదీ పంటి ఆసుపత్రికి.

నడిమోడికి ఐదిస్తే చేయెత్తుతాడా? ఆరిస్తే? తొమ్మిదిచ్చినా ఎత్తడేమో! తల గిర్రున తిరిగింది.

పక్కనే వాళ్లమ్మ రెడ్డెమ్మ చింతపండులో గింజలు తీస్తా ఉంది.

"శనివారం బస్సు దోవలో నిల్సిపోతే యట్ల పాపా?"

"అమ్మా!"

"కాదే, సారు ఒక్కడే కదా వస్తాండాడు. ఆయనకే జొరమొస్తే?"

"ఎప్పుడు సూడు, కడాకు ఏమైపోతాదో అనే నీ గోల! ఈడ నాకు మొదలే తెలీకుండా ఉండాది. అయిదో తరగతితో బడి మానేసినదానివి, నీకేం తెల్సు? గమ్మునుండు."

రెడ్డెమ్మ చేయి ఆగింది. తల వంచుకుని మళ్లీ గింజలు తీసింది.

సింధూజ అమ్మ మొహం చూడలేకపోయింది. కుప్పలు చెరిపేసింది. మళ్లీ పేర్చింది. మళ్లీ చెరిపేసింది.

చాలాసేపటికి రెడ్డెమ్మ మెల్లగా అడిగింది.

"అవునే, ఆ పెద్దోన్ని తరిమేస్తే సిన్నోడి గతేంది?"

"ఏ చిన్నోడు?"

"నువ్వు సదివితివే, ఆ సిన్న దొంగ. ఇంగ ఇద్దరే కదా మిగిలేది. నడిమోడు తన చెయ్యి తానెత్తుకుంటే సగమైపాయె. ఇంగ వీనికి ఒక్కటన్నా ఇస్తాడా? పాపం, ఉత్త చేతుల్తో ఇంటికి పోవాల్సిందే."

సింధూజ చేతిలో గింజలు అట్లే ఉండిపోయాయి.

ఇద్దరే మిగిలితే నడిమోడికి పది, చిన్నోడికి సున్నా. అందుకే నడిమోడు దేనికీ ఒప్పుకోడు. మరి పెద్దోడు చిన్నోడికి ఒక్కటిస్తే?

"సున్నాకంటే ఒకటి మేలు కదమ్మా! చిన్నోడు చేయెత్తుతాడు. పెద్దోడూ ఎత్తుతాడు. ముగ్గురిలో ఇద్దరు!"

గబగబా పేర్చింది. పెద్దోడికి తొమ్మిది. నడిమోడికి సున్నా. చిన్నోడికి ఒకటి.

"నీకెట్ల తట్టిందిమా?"

"నాకేం తట్టిందే? ఆ సిన్నోన్ని తలుచుకుంటే బయమేసె, అంతే."

మరుసటిరోజు క్లాసులో అందరూ నాలుగు, మూడు, మూడు అన్నారు. సింధూజ బోర్డు మీద ముందు ఇద్దరు దొంగల్ని గీసింది. తర్వాతే పెద్దోడిని గీసింది.

"శభాష్!" అన్నాడు మురళీధర్ సారు, ఆమె పేరు రాసుకుంటూ. "కడ నుంచి మొదలుపెట్టాలని ఎట్ల కనుక్కున్నావు?"

క్లాసంతా తననే చూస్తోంది. నేనే అంటే సరిపోయేది.

"నేను కాదు సార్. నేను మొదట్లోనే తిరుగుతాంటి. కడ నుంచి చూసింది మా అమ్మ."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. సింధూజ అటు చూడలేదు.

సారు పోటీ కోసం ఇంకో లెక్క ఇచ్చాడు. ఈసారి ఐదుగురు దొంగలు. సాయంత్రం సింధూజ చింతపండు బుట్టను కొంచెం జరిపి, వాళ్లమ్మ మోకాలికి ఆనుకుని కూర్చుంది. నోటుబుక్కు ఇద్దరికీ కనబడేలా పెట్టింది.

"నేను మెల్లగా చదువుతానమ్మా. నీకు యాడ బయమేస్తే ఆడ ఆపు."