బుర్గల్ స్తంభంలో ఎర్ర చార

"కొట్టకండి!"

ఆ కేకకి వీటస్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. స్తంభాన్ని మెటికతో మరోసారి తట్టబోతున్నాడు పాపం.

"తట్టడానికి అదేమైనా తలుపా?" అంటూ స్తంభం వెనక నుంచి ఒక అమ్మాయి వచ్చింది. మోచేతుల దాకా తెల్లటి జిప్సం, చేతిలో మెరుగు పెట్టే రాయి.

"చలువరాయో కాదో చూద్దామని అండీ."

"ఏం తేలింది?"

"కాదు. చలువరాయి మీద చెయ్యి పెడితే ఎంతసేపైనా చల్లగానే ఉంటుంది. ఇది ఇట్టే వేడెక్కింది. కళ్లు మాత్రం ఇంకా ఒప్పుకోవట్లేదు."

అది పొగడ్తే. కానీ ఆ అమ్మాయి వాల్‌బుర్గకి అలా వినపడలేదు. 'వీడెవడు, తట్టి మరీ చూస్తున్నాడు?' అనుకుంది. అదుగో, అక్కడ మొదలైంది అనుమానం.

వాల్‌బుర్గని మేమంతా బుర్గల్ అంటాం. బవేరియాలో మా కొండ కింద ఊళ్లో అప్పుడు కొత్త చర్చి లేస్తోంది. బయట నుంచి చూస్తే గడ్డి దాచే కొట్టంలా ఉంటుంది. లోపలికి వెళ్తే ఏది రాయో ఏది గచ్చో, కప్పు ఎక్కడ ఆగి ఆకాశం ఎక్కడ మొదలైందో ఎవరికీ అంతు పట్టదు. ఆ కాలంలో మా వైపు చర్చిలన్నీ అంతే, కళ్లని మోసం చేసినవాడే గొప్ప పనివాడు.

బుర్గల్ తండ్రి కోర్బినియన్ గచ్చుపనిలో పెద్ద మేస్త్రి. జిప్సంలో రంగులు కలిపి, రొట్టెపిండిలా పిసికి, చలువరాయిని మించిన స్తంభాలు చేస్తాడు. అందరి జిప్సం కళ్లు మూసి తెరిచేలోగా గట్టిపడిపోతుంది. కోర్బినియన్ ముద్ద మాత్రం పూటంతా మెత్తగా, చెప్పినట్టు వింటుంది. కిటుకంతా అతను కలిపే నీళ్లలో ఉంది. ఆ నీళ్ల సంగతి తండ్రికీ కూతురికీ తప్ప ఎవరికీ తెలియదు. ఇంటి మనిషికి తప్ప చెప్పకూడదన్నది వాళ్ల తాతల నాటి కట్టుబాటు.

పోయిన ఏడాది ఒక కూలివాడు వాళ్ల ఎర్రరంగు పాళ్లు ఎత్తుకుపోయి పొరుగూరి మేస్త్రికి అమ్ముకున్నాడు. దాంతో మఠంవాళ్ల పని అటే పోయింది. ఇప్పుడు నీళ్ల రహస్యం కూడా పోతే వాళ్లింట్లో పొయ్యి వెలగదు. మరి బుర్గల్ అనుమానించదా?

పైగా ఈ వీటస్ ఎవరనుకున్నారు? కప్పు మీద బొమ్మలు వెయ్యడానికి వచ్చిన ఎగిడ్ గారి శిష్యుడు. ఎగిడ్‌కీ కోర్బినియన్‌కీ మాటల్లేవు. గచ్చు తీగలు తన ఆకాశాన్ని తినేస్తున్నాయని ఆయన, ఆకాశమే తన తీగల మీదికి వస్తోందని ఈయన. ఒకే కప్పు కింద ఉంటూ, ఎదురుపడితే చెరో గోడ చూసేవారు.

ఒక వానరోజు బుర్గల్ కళ్లారా చూసింది. వీటస్ చెత్తకుప్ప దగ్గర వంగి, స్తంభం చెక్కగా రాలిన పెచ్చులు ఏరి రుమాల్లో మూట కడుతున్నాడు. వాన నీళ్లు కాలరులోంచి వీపు మీదికి కారుతున్నా పట్టించుకోవడం లేదు.

"ఏంటి దాస్తున్నారు?"

"ఏం లేదండీ."

"ఏం లేనిది జేబులో అంత బరువుగా వేలాడుతోందేం?"

"ముల్లంగి అండీ. మధ్యాహ్నం రొట్టెలోకి."

"మీ ఊళ్లో ముల్లంగికి ఎర్ర చారలుంటాయా?"

వీటస్ నవ్వేసి వానలోకి పరుగెత్తాడు. నవ్వితే అతని బుగ్గ మీద సొట్ట పడుతుంది. బుర్గల్‌కి ఒళ్లు మండింది. దొంగకి సొట్ట ఎందుకు? దాన్ని తను చూడ్డం ఎందుకు?

తండ్రికి చెబితే ఆ క్షణమే వీటస్‌ని ఊరు దాటిస్తాడు. చెప్పబోయి చాలాసార్లు ఆగిపోయింది. ముందు నిజం తేలాలని తనకి తనే సర్దిచెప్పుకుంది. నేనైతే ఆ మాట నమ్మను.

వల పన్నింది. పరంజా కింద నిలబడి, పైకి వినిపించేలా, "నాన్నా! జిప్సం నీళ్లలో బీరు పొయ్యడం మర్చిపోకు!" అని అరిచింది. ఆ సమయానికి తండ్రి చర్చిలోనే లేడు.

వీటస్ గబగబా నిచ్చెన దిగి వచ్చాడు. "ఏవండీ, రహస్యాలు అలా అరుస్తారా? మా గురువుగారివి పాము చెవులు." వెళ్లబోతూ వెనక్కి తిరిగాడు. "అయినా అందులో బీరు ఉండదులెండి."

బుర్గల్ అతని దారికి అడ్డం వచ్చింది. "మీకెలా తెలుసు?"

"మీ నాన్నగారు బీరుని గోడలకి పోసే మనిషిలా కనపడరు."

'బీరు ఉండదు' అన్న మాట ఆమెకి ముల్లులా గుచ్చుకుంది. అందుకే మర్నాడు మగాళ్లంతా భోజనాలకి వెళ్లగానే, గౌను ఎగదోపుకుని బొమ్మల పరంజా ఎక్కేసింది.

పైన రంగు గిన్నెల పక్కన తన పెచ్చులే వరసగా ఉన్నాయి. దొరికాడు దొంగ అనుకుంటూ తలెత్తింది.

తన స్తంభాలు ఆగిపోలేదు. గచ్చు ఆగిన చోట రంగు అందుకుని, అవే చారలతో, అదే నిగనిగతో ఆకాశంలోకి సాగిపోయాయి. తను చేసింది ఎక్కడి దాకానో తనకే తెలియడం లేదు.

అంతలో ఒక చోట చూపు ఆగింది. ఒక స్తంభం కొసన ఎర్ర చార ఒకటి వంకరగా పైకి పాకుతోంది. అది తన తప్పు! ఆ రోజు జ్వరం, చెయ్యి వణికి ఎర్రముద్ద జారింది. కింద నుంచి కనపడదులే అని అలాగే వదిలేసింది. ఆ తప్పుని ఈ మహానుభావుడు కప్పు దాకా తీసుకెళ్లాడు.

"ముల్లంగి బాగుందా?" వెనక వీటస్.

"పెచ్చులు కావాలంటే అడగొచ్చుగా?"

"మీవాళ్లని అడిగితే పనిలోంచి తీసేస్తానన్నారు మా గురువుగారు. రంగు కలవకపోయినా తీసేస్తానన్నారు. ఏం చెయ్యమంటావు?"

'మంటారు' కాస్తా 'మంటావు' అయింది. ఇద్దరూ గమనించనట్టే ఉన్నారు.

"సరే, ఆ వంకర చార ఎందుకు వేశావు? అది తప్పు. చెరిపెయ్!"

"తడి సున్నం మీద పడ్డ రంగు ఇక చెరగదు. అయినా నేను చెరపను. మిగతా చారలన్నీ చలువరాయిలా ఉన్నాయి. అదొక్కటే నువ్వు చేసినట్టు ఉంది."

బుర్గల్‌కి ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది. రెండూ బయటపడక ముందే కింద నుంచి తండ్రి గర్జన.

"బుర్గల్! అక్కడేం చేస్తున్నావే?" నిచ్చెన విరిగిపోతుందేమో అన్నట్టు ఎక్కి వచ్చాడు కోర్బినియన్. పెచ్చులు చూశాడు. ముఖం కందగడ్డ అయింది. "వీడికి ఏం చెప్పావు?"

"ఏం చెప్పలేదు నాన్నా! రంగుల కోసం పెచ్చులు ఏరుకున్నాడంతే. ఒట్టు!"

కోర్బినియన్ వీటస్ వైపు తిరిగాడు. "అబ్బాయ్, నా కళ్లలోకి చూసి చెప్పు. నీళ్ల సంగతి నీకు తెలుసా?"

తెలియదు అంటే అయిపోయేది. బుర్గల్ కళ్లతోనే 'తెలియదను, తెలియదను' అని బతిమాలింది.

"తెలుసండీ," అన్నాడు వీటస్. "జున్ను తీశాక మిగిలే విరుగుడు నీళ్లు. బాగా పులిసినవి. మొదటి రోజే తెలిసింది. ఆ అమ్మాయి చేతులు అదే వాసన వేశాయి."

బుర్గల్ చేతులు వీపు వెనక్కి పోయాయి.

"ఎవరికి చెప్పావు?" అని అడిగాడు కోర్బినియన్.

"ఎవరికీ చెప్పలేదు."

"పొరుగూరి మేస్త్రి నీ ఎత్తు వెండి పోసేవాడు. ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఈ అమ్మాయి ఇంక నా వైపు చూడదండీ. ఇప్పుడు అనుమానంతోనైనా రోజంతా నన్నే చూస్తోంది."

కోర్బినియన్ కప్పు వంక చూశాడు. ఎర్ర చార మీద వేలు పెట్టబోయి, తడి ఆరలేదని గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు.

"ఈ సంగతి తెలిసినవాడు మా ఇంటి బయట ఉండడానికి వీల్లేదు."

వీటస్ ముఖం జిప్సంలా తెల్లబడింది. "అంటే?"

"అంటే ఏంటో దాన్నే అడుగు!" అని నిచ్చెన దిగిపోయాడు పెద్దాయన. కింద నుంచి అరుపు వినపడింది. "ఎగిడ్! ఎక్కడున్నావయ్యా? ఇలా రా, నీతో మాట్లాడాలి!" ఇన్నాళ్లకి పిలిచాడు.

పైన ఇద్దరే మిగిలారు.

"నేనింకా నమ్మలేదు," అంది బుర్గల్.

"ఏం చేస్తే నమ్ముతావు?"

జిప్సం అంటిన అరచేతిని అతని సొట్టబుగ్గ మీద పెట్టింది. నాన్న అరుపుకి కాబోలు, బుగ్గ చల్లగా మంచులా ఉందనుకుంది. కాసేపటికి వేడెక్కడం మొదలైంది.

"వేడెక్కుతోంది," అంది. "అంటే నకిలీవే."

"కాదు. కావాలంటే ఇంకోసారి చూడు."

"చూస్తాను," అంది బుర్గల్. చెయ్యి మాత్రం తియ్యలేదు.